ఆరువందల పన్నెండు దాటాలి

బెళుగుప్ప అవతల, పటంలో పేరు రాయడానికి చోటు చాలని ఒక మండలం ఉంది. దాని ఆఫీసు ఆవరణలో వేపచెట్టుకు తగినంత దూరంలో, ముళ్లకంచె లోపల ఒక వర్షమాపకం నిలబడి ఉంటుంది. చెట్టుకు దూరం ఎందుకంటే, ఆకాశానికీ డబ్బాకూ మధ్య ఏ ఆకూ జోక్యం చేసుకోకూడదని నిబంధన. కంచె ఎందుకంటే మేకలు. నిబంధనలు రాసిన పెద్దలు మేకల ప్రస్తావన తీసుకురాలేదు. అది మండలం తనంతట తాను చేర్చుకున్న సవరణ.

ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు ఆ డబ్బా తెరిచి, లోపలి నీటిని గాజు కొలగ్లాసులోకి వంచి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టరులో రాయాలి. ఏడాదిలో మూడువందల పైచిలుకు రోజులు వంచడానికి ఏమీ ఉండదు. అందుచేత సున్నాలన్నిటినీ శనివారం నాడు ఒకేసారి కూర్చుని పెట్టుకోవడం అక్కడ ఆనవాయితీగా ఉండేది. 1999లో ఈశ్వరి అనే ఇరవయ్యేళ్ల అమ్మాయి దినకూలీ అటెండరుగా చేరింది. ఆనవాయితీ ఆ రోజుతో కాలం చేసింది. ఈశ్వరి ప్రతి సున్నాకూ డబ్బా దగ్గరికి నడిచి వెళ్లేది. మూత తీసి, లోపలికి తొంగి చూసి, లేదని రూఢి చేసుకున్నాకే లేదని రాసేది.

వాన పడిన రోజున మరీ కష్టం. హనుమంతరాయుడనే రైతు పెద్ద ఒకడు, కరువు మండలాల జాబితా తయారయ్యే కాలంలో రోజూ వచ్చి వేపచెట్టు కింద కూర్చునేవాడు.

"ఏం పాపా, నిన్నటిది ఎంత రాసినావు?"

"నాలుగు పాయింట్ రెండు, మామా."

"రెండు చాల్లే. నువ్వు నాలుగు రాస్తే పైనోళ్లు ఈడ సముద్రం ఉండాదనుకుంటారు."

"నాలుగు పాయింట్ రెండు పడింది మామా."

"మా చేన్లో పడలేదే!"

"మీ చేన్లో డబ్బా లేదు మామా."

ఒక గణతంత్ర దినోత్సవం నాడు పై అధికారి ఆమెను జెండా పక్కన నిలబెట్టి మెచ్చుకున్నాడు. ఆ ప్రసంగంలో 'నిబద్ధత' అనే మాట మూడుసార్లు వచ్చింది. చప్పట్లు కూడా పడ్డాయి. అయితే అది నిబద్ధత కాదు, భయం. ఆ భయం వయసు అప్పటికి పన్నెండేళ్లు. దాన్ని పెంచి పెద్ద చేసిన వాళ్లంతా మంచివాళ్లే కావడం ఈ కథలో చికాకు కలిగించే సంగతి.

ఈశ్వరి నాయన రామాంజులుకు ఆరెకరాల మెట్ట చేను. తల్లి తిప్పమ్మ. తమ్ముడు జయరాం. ఆ రోజుల్లో మంచాన పడి ఉన్న అవ్వ. ఈశ్వరికి ఎనిమిదేళ్లు, జయరాంకు నాలుగేళ్లు ఉన్నప్పుడు, తిప్పమ్మ ఒకరోజు మొగునితో కలిసి అనంతపురం బస్సెక్కింది. పన్ను పీకించుకోవడానికని పిల్లలకు చెప్పింది. మర్నాడు సాయంత్రం తిరిగొచ్చి మూడు రోజులు పడుకుంది. నిద్రలో తల్లి నోరు తెరుచుకున్నప్పుడు ఈశ్వరి వంగి లెక్కబెట్టింది. పండ్లన్నీ ఉన్నాయి.

నాలుగో రోజు విత్తనానికి వేరుశనగ గింజలు ఏరే పని పడింది. గట్టి గింజ చేటలోకి, ముడుచుకుపోయినది పక్కకు. పక్కింటి బయమ్మ చేయి సాయానికి వచ్చి కూర్చుంది. ఈశ్వరి కూడా ఏరుతోంది. పెద్దవాళ్లు మాట్లాడుకునేటప్పుడు పిల్లలకు చెవులుండవని మన ఇళ్లలో ఒక గట్టి నమ్మకం.

"ఎన్నో నెల?" అని అడిగింది బయమ్మ.

"మూడు దాటింది."

"అయ్యో. ఎందుకు తీపిచ్చుకుంటివే?"

"ఈ కరువులో ఇంకొగటిని యాడ సాకేదక్కా?"

"అదీ నిజమేలే," అంది బయమ్మ. విచారణ ముగిసింది.

మన జిల్లాలో కరువు అనే మాటకు ఎదురుప్రశ్న లేదు. పెళ్లి వాయిదా పడినా, గోడ కూలినా, కొడుకు తాగి పడిపోయినా, బంధువుల ఇంటికి పోకపోయినా, కరువు అని ఒక్క మాటంటే చాలు, అడిగినవాడు తలూపి లేచిపోతాడు. కోర్టుల్లో కూడా ఇంత తొందరగా కేసులు తేలవు. పెద్దవాళ్లకు ఆ సౌకర్యం తెలుసు. ఎనిమిదేళ్ల పిల్లకు తెలియదు. ఆమె ఆ మాటను ఉన్నదున్నట్లు నమ్మింది. వాన చాలకపోతే ఇంట్లో ఒకరిని తీసేస్తారు. ఈసారి లోపలున్నవాళ్లను తీశారు. వచ్చేసారి ఇంకా తక్కువ పడితే? ఏరివేత పద్ధతి ఎలాగూ ఆమె చేతిలోని చేటలోనే ఉంది.

ఆ రోజు నుంచి ఈశ్వరి గట్టి గింజ కావడానికి పూనుకుంది.

తెల్లవారక ముందే లేచి నీళ్లు తెచ్చేది. రెండోసారి అన్నం అడిగేది కాదు. తిరనాళ్లలో గాజుల అంగడి ముందు నుంచి, అది ఎరువుల అంగడి అయినట్లు, ముఖం తిప్పకుండా నడిచిపోయేది. బడిలో మొదటి ర్యాంకు. జ్వరం వస్తే చెప్పేది కాదు. మృగశిర కార్తెలో వాన రాకపోతే మాత్రం చెప్పినా చెప్పకున్నా జ్వరం వచ్చేది. ఆ జ్వరానికి ఎండదెబ్బ అని పేరు పెట్టి ఉల్లిపాయ రసం పూసేవారు.

తన ఒక్కదాని సంగతి చూసుకుంటే సరిపోయేది కాదు. జయరాంగాడు స్వభావరీత్యా పనికిరాని వాడు. తినడం, ఒలకబోయడం, ఏడవడం అనే మూడు విద్యల్లోనే వాడికి ప్రవేశం. వాడి తరఫున కూడా ఆమే భయపడింది.

"నాయన సూస్తాండాడు. ఆ గడ్డిమోపు ఎత్తుకోరా!"

"బరువక్కా."

"నాయన అట్ల తిరిగినంక దించుదువులే. ఎత్తుకో!"

రామాంజులు కొడుకు శ్రద్ధకు మురిసిపోయాడు. కూతుర్ని చూసి ఊరంతా మురిసిపోయింది. ఎవరి పిల్లలు అన్నం దగ్గర మారాం చేసినా, పోయి ఈశ్వరిని చూసి నేర్చుకోమని పంపేవారు. ఎనిమిదేళ్ల పిల్ల ఏమీ అడగకపోతే, ఎందుకు అడగడం లేదని ఒక్కరూ అడగలేదు. ఊళ్లో ముప్పై ఇళ్లు, ముగ్గురు పంతుళ్లు, వారానికోసారి వచ్చే నర్సమ్మ. వాళ్లందరికీ అది సుగుణంగానే కనిపించింది. పిల్లల దగ్గర మనకు కావలసింది సద్దు లేకపోవడమే గనక, సద్దు లేని పిల్లకు ఏదో అయిందన్న అనుమానం మనకు రాదు.

పదో తరగతి పాసై, ఆఫీసులో చేరిన మొదటి వారమే ఈశ్వరి బీరువాలోంచి పాత వర్షపాతం రిజిస్టర్లు దింపింది. దుమ్ము దులిపి, తనకు ఎనిమిదేళ్లున్న సంవత్సరం పేజీ తీసింది. మొత్తం అడుగున ఉంది: ఆరువందల పన్నెండు మిల్లీమీటర్లు.

మూడుసార్లు కూడింది. ఆరువందల పన్నెండే. మన ప్రాంతానికి అది కరువు కాదు, ఐశ్వర్యం.

ఇంకొకరైతే అక్కడ అమ్మను అనుమానించేవారు. ఈశ్వరికి ఆ ఆలోచన రాలేదు. ఆమెకు తోచింది వేరు: అంత వాన పడిన ఏడు కూడా ఒకరిని సాకలేకపోయారంటే, ఒక బిడ్డ నిలవడానికి అంతకంటే ఎక్కువ పడాలి. భయానికి అప్పటిదాకా కొలత లేదు. ఆ రోజు ప్రభుత్వమే ఆమెకు ఒక అంకె ఇచ్చింది. అటుపైన ఆమె చేతిలో ఒక్క చుక్క ఎక్కువగానీ తక్కువగానీ నమోదు కాలేదంటే కారణం అదే.

మరుసటి ఏడు ఆమెకు పెళ్లయింది. వరుడు వీరేష్. అదే మండల కేంద్రంలో బోరు మోటార్లకు వైరు చుట్టే అంగడి. తల్లి లేదు, తండ్రి లేడు, ఇంట్లో ఇద్దరే. అయినా ఈశ్వరి అతను తిన్నాకే తినేది, తక్కువే తినేది. వీరేష్ మొదటి ఆరు నెలలు ఇంత మంచి పెళ్లాం దొరికిందని సంతోషించాడు. ఏడో నెల నుంచి అతనికి ఊపిరాడలేదు. పోట్లాడని మనిషితో కాపురం ఎంత కష్టమో పోట్లాడే పెళ్లాలున్నవాళ్లకు తెలియదు.

బిడ్డల మాట ఎత్తితే మాత్రం ఆమెకు ఒకే జవాబు.

"ఈ ఏడు వాన లేదు. వచ్చే ఏడు సూద్దాం."

"ఎంత పడాల?"

"ఆరునూర్ల పన్నెండు దాటాల."

"ఇదేం లెక్కే? నేను సేద్యగాణ్ణా? నాకు గుంట చేను లేదు. వాన లేకుంటే బోర్లు ఎండుతాయి, బోర్లు ఎండితే మోటర్లు కాల్తాయి, మోటర్లు కాల్తే నాకు పని. ఊరంతా ఏడుస్తాంటే మనమే కదే బాగుండేది!"

"కరువంటే కరువే."

"ఎవురికి?"

ఆమె లేచి అంట్లు తోమడానికి పోయేది. వీరేష్ అంగడికి పోయి, ఎవరి మోటారునో విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పేవాడు. మూడేళ్లు గడిచాయి. ఏ ఏడూ ఆరువందల పన్నెండు దరిదాపులకు రాలేదు.

2003 జ్యేష్ఠంలో, వాన రాకపోయినా నెల తప్పింది. ఆరుద్ర కార్తె ఎండగానే వెళ్లిపోయింది. జనవరి నుంచి కూడినా డెబ్బై ఎనిమిది. ఒక సాయంత్రం వీరేష్ చేతులకు అంటిన నల్ల నూనె కడుక్కుంటుంటే, ఈశ్వరి చెంబుతో నీళ్లు పోస్తూ చెప్పింది.

"రెండో నెల. సోమవారం అనంతపురం పోయొద్దాం."

"చూపిచ్చుకునేకా?"

"తీపిచ్చుకునేకి."

"ఎందుకే?"

"డెబ్బై ఎనిమిదే పడింది."

వీరేష్ అరిచాడు, బతిమాలాడు, చెంబు విసిరాడు. ఆమె చెంబు తెచ్చి యథాస్థానంలో పెట్టింది. తెల్లారగానే అతను మోపెడ్ తీసి పన్నెండు కిలోమీటర్లు పోయి అత్తగారి వాకిట్లో ఆపాడు. తిప్పమ్మ కసువు ఊడుస్తోంది.

"అత్తా, నీ కూతురు కడుపుతో ఉండాది. వాన పడలేదని తీపిచ్చుకుంటాదంట."

తిప్పమ్మ నవ్వింది. "ఏమప్పా, పొద్దున్నే ఎగతాళా?"

"ఎగతాళి కాదత్తా. ఆరునూర్ల పన్నెండు దాటితే గానీ బిడ్డను కననంటాది. మూడేండ్లాయె ఇదే పాట. ఆ లెక్క యాడిదో నాకు తెలీదు. నువ్వు చెప్తివేమోనని వస్తి."

"నాకు లెక్కలు రావు కదప్పా," అంది తిప్పమ్మ. పరక చేతిలోనే ఉంది. దాన్ని గోడకు ఆనించింది. "బండెక్కించుకో," అంది.

వాళ్లు ఆఫీసు చేరేసరికి ఎనిమిదిన్నర. ఈశ్వరి కంచె లోపల డబ్బా మూత తీస్తోంది. హనుమంతరాయుడు అప్పటికే వేపచెట్టు కింద ఆసీనుడై ఉన్నాడు. తిప్పమ్మ కంచె దాకా వచ్చి నిలబడింది.

"సోమవారం యాడికో పోతాండారంట?"

ఈశ్వరి మొగుని వైపు చూసింది. వీరేష్ మోపెడ్ టైరును పరీక్షగా చూడసాగాడు.

"వాన లేదు కదమ్మా," అంది ఈశ్వరి.

"వానకూ దానికీ ఏం సంబంధమే?"

"నువ్వే అంటివి. ఈ కరువులో ఇంకొగటిని యాడ సాకేది అని బయమ్మత్తతో. నేను పక్కనే గింజలు ఏర్తాంటి."

తిప్పమ్మ కంచె కర్ర పట్టుకుంది. "అది నువ్వు ఇన్నావా?"

"ఇన్నా."

"ఇంటే ఎందుకు అడగలే నన్ను?"

"అడిగితే? నోరు చేస్తాదని నన్ను ముందు తీసేస్తే?"

ఈశ్వరి అక్కడితో ఆపలేదు. పదహారేళ్లు దాచిన రుజువును కోర్టులో పెట్టినట్లు చెప్పింది. "ఆ ఏడు ఆరునూర్ల పన్నెండు పడింది మా. రిజిస్టర్లో ఉండాది. అంత పడినా ఒగర్ని సాకలేకపోతిరి. ఇప్పుడు డెబ్బై ఎనిమిదిలో నేనెట్ల సాకేది?"

"ఆ ఏడు శెనక్కాయ బాగనే పండె," అంది తిప్పమ్మ మెల్లగా. "కరువు ఏమీ లేదు."

"మరి?"

"మీ అవ్వ మంచాన పడె. అన్నీ పక్కలోనే. నువ్వు, వాడు, చేను, గొడ్లు. నాకు సాలనిపించింది పాపా. ఇంకొగటి నాతో కాదనిపించింది, అంతే. ఆ మాట బయమ్మతో అంటే సాయంత్రానికి ఊరంతా అంటారు. మీ అవ్వ ఇని, నావల్లే కదా అని మంచం పట్టెకు తల కొట్టుకుంటాది. కరువంటే ఎవురూ మారుమాట అడగరు. అందుకని అంటి."

"ఉత్తదా?"

"ఉత్తదే."

ఈశ్వరి చేతిలో కొలగ్లాసు ఖాళీగా ఉంది.

"నాలుగ్గంటలకు లేస్తి," అంది. "తమ్మునికి పెట్టి నేను తింటి. గుడ్డలు వద్దంటి, గాజులు వద్దంటి. మీరు మమ్మల్ని ఉంచుకోవాలని."

"ఉంచుకునేదేంది?" తిప్పమ్మకు నిజంగానే అర్థం కాలేదు. "మీరు ఉండారు కదా."

"అంతేనా?"

"ఇంకేం ఉంటాది? ఉండారు. ఉన్నోళ్లను ఎవురన్నా తీసేస్తారా?"

"మరి నేను చేసిన చాకిరీ అంతా?"

"చేస్తాంటివి. మంచి పిల్ల అనుకుంటిమి. చేయనిస్తిమి."

అంతకంటే నిజాయితీగల జవాబు ఆ ఆవరణలో అంతకు ముందెన్నడూ వినపడి ఉండదు. దానితో చేసుకోవడానికి మాత్రం ఏమీ లేదు. పదహారేళ్లపాటు చదివి రాసిన పరీక్షను అసలు ఎవరూ పెట్టనే లేదని తెలిసిన మనిషి ఏం చేయాలో ఏ నిబంధనల్లోనూ లేదు. ఈశ్వరి కొలగ్లాసును కంచె రాయికేసి కొట్టింది. ప్రభుత్వ ఆస్తి ఏడు ముక్కలైంది.

హనుమంతరాయుడు లేచి నిలబడ్డాడు. మనిషి భయపడ్డాడు కానీ, వచ్చిన పని మరిచిపోలేదు. "పాపా, మరి ఈ పొద్దుది ఎంత రాస్తావు?"

"నీ ఇష్టమొచ్చినంత రాసుకోపో మామా!"

ఆ రోజు ఆమె ఆఫీసులో ఉండలేదు. ఇంటికి పోయి పడుకుంది. సాయంత్రం వంట చేయలేదు. వీరేష్ హోటల్ నుంచి పూరీలు తెస్తే ఆరు తిని, ఇంకా ఉన్నాయా అని అడిగింది. అతను మళ్లీ పరిగెత్తాడు. ఆదివారం మధ్యాహ్నం, వీరేష్ రేపటి బస్సు గురించి ఎలా అడగాలా అని మోటారు తీగ చివర గిల్లుకుంటూ కూర్చుంటే, తనే చెప్పింది.

"అనంతపురం పోయేది లేదు."

"అయితే వానతో పని లేదా?"

"లేదంట."

"ఎవురు చెప్పినారు?"

"మాయమ్మ. నువ్వూ ఇన్నావు కదా."

"మూడేండ్లు నేను చెప్పింది అదే కదే!"

"నువ్వు చెప్తే నాకెట్ల తెలుస్తాది? నువ్వప్పుడు లేవు కదా."

వీరేష్ తీగను పక్కన పెట్టాడు. "మీయమ్మ మళ్లా రేపు వస్తానంటాంది," అన్నాడు.

"రానీ. నేను మాట్లాడను."

"ఎన్నాళ్లు?"

"తెలీదు."

తెలియదన్న మాట ఆమె నోట రావడం వీరేష్ అదే మొదటిసారి విన్నాడు. పట్టుదల విషయంలో మాత్రం ఆమెకు అప్పటికే మంచి అభ్యాసం ఉంది. ఏడు నెలలు తల్లితో మాట్లాడలేదు. ఈలోగా ఇంట్లో చిన్న చిన్న పోట్లాటలు మొదలయ్యాయి. కూర బాగలేదని ఆమే అనడం, చీర కావాలని ఆమే అడగడం జరిగాయి. వీరేష్ అంగడిలో మోటార్లను ఒక్కసారే విప్పి ఒక్కసారే బిగించడం మొదలుపెట్టాడు. తమ్ముడు జయరాం, మోపులు మోసి బలిసిన భుజాలతో ఒకసారి వచ్చి, సంగతంతా విని, "నేను ఉత్తపుణ్యానికే మోసినానా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా అన్నం పెట్టమన్నాడు. అతనికి ఏమీ కాలేదు. అది చూసి ఈశ్వరికి సంతోషం వేయాలో ఒళ్లు మండాలో తెలియలేదు.

ఫిబ్రవరిలో ఆడపిల్ల పుట్టింది. పురుడు పోయడానికి తిప్పమ్మే రావాల్సి వచ్చింది. ఒకే గదిలో ఉంటూ ఇద్దరూ వీరేష్ ద్వారా ఉత్తర ప్రత్యుత్తరాలు జరుపుకున్నారు. నీళ్లు ఎక్కువ కాగాయని ఈశ్వరి వీరేష్‌కు చెప్పేది, రెండడుగుల దూరంలో ఉన్న తిప్పమ్మ చన్నీళ్లు కలిపేది.

బిడ్డ మాత్రం ఎవరి మర్యాదా పాటించలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం మొదలుపెట్టి, వీధి చివరి దాకా వినపడేలా, ఊపిరి తీసుకోవడానికి తప్ప ఆగకుండా ఏడ్చింది. వీరేష్ అంగడికి పారిపోయాడు. తిప్పమ్మ బిడ్డను భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరిగింది. వీపు నిమిరింది, జోకొట్టింది. ఏదీ పనిచేయలేదు.

"ఏడ్సాకే తల్లీ," అంది చివరికి. "ఏడిస్తే మీయమ్మకు కోపమొస్తాది."

ఈశ్వరి మంచం మీద లేచి కూర్చుంది.

"అట్ల చెప్పాకు మా దానికి," అంది. "నాకు దానిమింద కోపం లేదు. ఉండేది నీమింద. ఉండేది ఉన్నట్ల చెప్పు."

తిప్పమ్మ కూతురి వైపు చూసింది. తరువాత బిడ్డను భుజం మీంచి దించి, ముఖం తన ముఖానికి ఎదురుగా వచ్చేలా పట్టుకుని, సాక్ష్యం చెప్పేవాళ్లంత గంభీరంగా చెప్పింది.

"మీయమ్మకు నామింద కోపం. నీకేమీ సంబంధం లేదు. నువ్వు ఏడ్సుకో."

బిడ్డ ఏడ్చింది.